డమ్మీ పరచిన వేళ

పేకాట యనగానే ముఖము చిట్లించు సోదరీమణులు పలువురు గలరు. మా యింట ఆదివారపు మధ్యాహ్నములందు పందెము లేని బ్రిడ్జి యాట చిరకాలముగా సాగుచున్నది. అందు మేము ధనమును పోగొట్టుకొనలేదు గాని, ఒకనాడు మా వదినగారి స్నేహమును పోగొట్టుకొనబోయితిమి.

ఆనాడు వదినగారు మాకు జత. మా చేతికి ఇస్పేటు ఆసు, కళావరు ఆసు, ఆఠీను ఆసు, రాజు వచ్చెను. ఈ యాటలో ఆసునకు నాలుగు, రాజునకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున పాయింట్లు లెక్కింతురు. పేక మొత్తమునకు 40. మాకు 15 ఉండుటచే ‘ఒక నో ట్రంపు’ అని పాడితిమి. వదినగారు తమ 9 పాయింట్లను, అయిదు డైమనుల వరుసను చూచుకొని ‘మూడు నో ట్రంపులు’ అనిరి. అనగా తురుపు లేకుండ పదుమూడు పట్టులలో తొమ్మిది మేము తేవలెను.

ఎడమవైపు వారు ఇస్పేటు వేసిరి. వదినగారు తమ ముక్కలను డమ్మీగా బల్లపై పరచిరి. డైమను రాజు, రాణి, జాకీ, పది, అయిదు; ఇస్పేటు రాజు, దానితో ఒక చిన్నముక్క; తక్కినవన్నియు కొరగానివి. పెద్దనగను పెట్టెలో దాచి చిన్నదానిని ధరించు అలవాటు చొప్పున, మేము ఆసును దాచుకొని డమ్మీలోని ఇస్పేటు రాజుతో పట్టు తీసితిమి. పిదప డైమను రాజును వేయగా, ఆసు గలవారు ఊరకుండిరి. రాణిని వేయగా పట్టుకొనిరి. మా చేతనున్న రెండు డైమనులును అంతటితో అయిపోయినవి. డమ్మీలోనికి పోవుటకు దారి లేదు. జాకీ, పది, అయిదు కన్నులయెదుట పడియుండియు పనికిరాకపోయెను. ఆరు పట్టులతో ఆట ముగిసినది.

“మీరు హెచ్చుగా పాడితిరి” అని వదినగారిని నలుగురిలో అంటిమి. వారు మారుమాటాడక లేచిపోయిరి. తరువాతి రెండు ఆదివారములును రాలేదు.

ఒకరాత్రి నిద్రపట్టక ఆ ముక్కలనే చాపపై పరచి లెక్కించితిమి. నిశ్చయమైన పట్టులు ఇస్పేటులో రెండు, ఆఠీనులో రెండు, కళావరులో ఒకటి, వెరసి అయిదు. తక్కిన నాలుగును డైమనులోనే రావలెను. ఎదుటివారు ఆసుతో పట్టిన పిదప డమ్మీలోనికి దారి ఇస్పేటు రాజొక్కటే. కావున మొదటి పట్టును చేతిలోని ఆసుతో తీసి, రాజును నిలుపుకొనవలసినది. ఎదుటివారి ఆరు డైమనులు మూడు మూడుగా గాని, నాలుగు రెండుగా గాని పంచుకొనియున్నచో తొమ్మిది పట్టులు వచ్చును. అట్లుండుట నూటికి ఇంచుమించు 84 పాళ్లు.

వదినగారి పాటలో తప్పేమియు లేదు. 1925లో అమెరికావాసి హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణములో ఈ యాటకు కొత్త లెక్కల పద్ధతి నేర్పరచెను. దాని ప్రకారము పాడిన పట్టులే గేమునకు లెక్కకు వచ్చును; పాడక గెలిచినవి రావు. అందుచే జతవారితో ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనుట తప్పనిసరి. మూడు నో ట్రంపులకు సాధారణముగా 25 పాయింట్లు కావలెను. మా యిద్దరివి 24. అయిదు డైమనుల వరుస ఆ కొఱతను తీర్చునని వారు సరిగానే తలచిరి. వారు నిజము పలికిరి. మేము వినక తొందరపడితిమి.

మరునాడు పేకతోనే వారి యింటికి పోయి, ముక్కలు పరచి, మా తప్పును మేమే చూపితిమి. వదినగారు చాలసేపు చూచి, “ఆ రాజు పడినప్పుడే తెలిసినదమ్మా! డమ్మీ నోరు విప్పరాదు గదా, ఊరకుంటిని” అని నవ్విరి.

అది మొదలు డమ్మీ పరవగానే మేము చేతులు ఒడిలో నుంచుకొందుము. చేతనున్న పట్టులెన్ని, కావలసినవెన్ని, అవి యెందు దొరకును, అచ్చటికి దారి యేది యని లెక్కించిన పిదపనే మొదటి ముక్కను ముట్టుకొందుము. అంతవరకు వదినగారు తాంబూలము చుట్టుకొనుచు కూర్చుందురు.