బండి నూనెకీ ఓ తేదీ ఉంది!

వంటల పేజీల మధ్య ఈ ఇంజనాయిల్ గొడవేమిటమ్మా అని పేజీ తిప్పేయకండి. నూనె సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి? పండక్కి గారెలు వేసిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే ఏమవుతుంది? నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ కడుతుంది, మూకుడు పొయ్యెక్కగానే పొగలు కక్కుతుంది. వేయించిన నూనెలో కాగి కాగి చెడిన పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జూలై 1 నుంచి మన దేశంలో నిబంధన కూడా ఉంది. కారు ఇంజన్లో నూనె పరిస్థితీ దాదాపు అంతే. కాకపోతే మూకుడు మన కళ్లెదుట ఉంటుంది, ఇంజను మూత కింద ఉంటుంది. అంతే తేడా!

ఈ నూనె చేసే పని ఒకటి కాదు. ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా చూస్తుంది, వేడిని లాక్కుంటుంది, మసిని తనలో కలుపుకుని వడకట్టే ఫిల్టరు దాకా మోసుకెళుతుంది, తుప్పు పట్టనివ్వదు. అందుకే నూనె నల్లగా ఉన్నంత మాత్రాన చెడిపోయిందనుకోనక్కర్లేదు. ఇల్లు తుడిచిన గుడ్డ నల్లబడితే అది పని చేసినట్టే కదా! అలాగని అదే గుడ్డతో ఏళ్ల తరబడి తుడవం కూడానూ.

నాకీ గోలంతా ఎందుకు పట్టిందంటారా? మావారికి వేగంగా పోయే కారంటే మోజు. ముచ్చటపడి టర్బో పెట్రోలు కారు కొన్నారు. ఇంజను చిన్నదే, ఒక్క లీటరు. బలం మాత్రం 120 గుర్రాలదిట! కొన్న మూడు నెలలకే ఆయనకి విశాఖపట్నం బదిలీ అయింది. విజయవాడలో నేనూ, అత్తయ్యగారూ, కారూ మిగిలాం. అత్తయ్యగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. సత్యనారాయణపురం నుంచి సూర్యారావుపేట ఆసుపత్రికి మూడు కిలోమీటర్లు. అంత పరుగుల గుర్రమూ రోజూ ట్రాఫిక్కులో నత్తలా నడుస్తోందన్నమాట. నవ్వొచ్చినా, ఒకటి మాత్రం నిజం. తెల్లవారుజామున ఆ కారు మొరాయించకూడదు. డయాలిసిస్‌కి రేపు వస్తామంటే ఆ ఒంటికి కుదరదు.

ఏడాది తిరిగేసరికి నూనె మార్పించాలా, అక్కర్లేదా అన్న ప్రశ్న వచ్చింది. మావారు ఫోన్లో, “ఏమోయ్, మీటరు 3,000 కూడా దాటలేదు. పదివేలకి కదా మార్చేది, అప్పుడే ఎందుకు?” అన్నారు. సర్వీసు చేసే చోటేమో, “మేడమ్, టర్బో బండి కదా, ఇంజను లోపల కడిగే మందు వేయాలి, నూనెలో కలిపే మందు ఇంకోటి వేయాలి” అంటూ పెద్ద జాబితా చదివారు. ఒకరు వద్దంటారు, ఒకరు అన్నీ కావాలంటారు. మనం ఏం చేయాలి? నేను కారుతో ఇచ్చిన పుస్తకం తీశాను. కుక్కరుతో వచ్చిన పుస్తకమే చదివే అలవాటున్న దాన్ని, కారుది చదవనా!

అందులో స్పష్టంగా ఉంది. మామూలు వాడకానికి 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందొస్తే అది. కఠినమైన వాడకానికి 5,000 కిలోమీటర్లు లేదా 6 నెలలు. కఠినమైన వాడకమంటే కొండలెక్కడం, దుమ్ములో తిరగడం, ఎడతెగని వేగంతో తోలడం అనుకుంటాం కదూ? అవీ ఉన్నాయి. వాటితో పాటు “తరచుగా కొద్దిపాటి దూరాలు తిరగడం”, “ట్రాఫిక్కులో ఆగి ఆగి నడవడం” అని కూడా ఉంది. అంటే మా ఆసుపత్రి ప్రయాణమే!

కారణం తెలిస్తే మీరూ ఔనంటారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువగా పోసుకుంటుంది. కాలని పెట్రోలు కొంత కిందికి జారి నూనెలో కలుస్తుంది. పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరి కూడా చల్లని ఇనుముకి తగిలి నీరై నూనెలో చేరుతుంది. బండి అరగంట నడిచి నూనె బాగా వేడెక్కితే ఈ రెండూ చాలావరకు ఆవిరైపోతాయి. మూడు కిలోమీటర్లకే ఆపేస్తే లోపలే ఉండిపోతాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో ఇదీ అంతే. జాడీ నుంచి ఎంత తీశారన్నది కాదు, తడి ఎన్నిసార్లు తగిలిందన్నది లెక్క.

టర్బోకైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. పొగగొట్టంలోకి పోయే వేడిగాలితో తిరిగే చిన్న చక్రమే టర్బో. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసుని కాపాడేది కూడా ఈ ఇంజను నూనే. నూనె పలచబడినా, జిగటగా మారినా మొదట దెబ్బతినేవాటిలో అదొకటి. మార్చాలంటే పదుల వేలు వదులుతాయి. అందుకే హైవే మీద జోరుగా వచ్చిన వెంటనే తాళం తిప్పేయకుండా, ఒక్క నిమిషం ఇంజనుని ఊరికే నడవనివ్వాలి. లేకపోతే ఇరుసు దగ్గర నిలిచిన నూనె మాడి, మూకుడు అడుగున మడ్డిలా పేరుకుంటుంది.

ఇదంతా మావారికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మౌనం. “సరేనోయ్, ఆరు నెలలకోసారి మార్పించు” అన్నారు చివరికి. ఒకసారికి నాలుగు వేల పైచిలుకు అవుతోంది. కడిగే మందూ, కలిపే మందూ పుస్తకంలో ఎక్కడున్నాయో చూపించమన్నాను. చూపించలేదు, నేను వేయించలేదు. ఆ మిగిలిన డబ్బుతోనే రెండో నూనె మార్పు ఖర్చు చాలామట్టుకు వచ్చేసింది!

మరి మీ ఇంటి సంగతి? మీవారు హైవే మీద ఊళ్లు తిరిగే మనిషైతే పుస్తకంలోని మామూలు లెక్క చాలు. 3,000 కిలోమీటర్లకోసారి మార్చాలన్నది పాతకాలపు ఇంజన్ల, పాతకాలపు నూనెల మాట. ఇప్పటి సింథటిక్ నూనెలకి అంత తొందర అక్కర్లేదు. అలాగని పుస్తకం చెప్పిన గడువు మాత్రం దాటనివ్వకండి. వారంటీలో ఉన్న బండికి రసీదులు లేకపోతే రేపు మాట పడాల్సి వస్తుంది.

నూనె పోయించేటప్పుడు పక్కనే నిలబడండి. డబ్బా మీద 5డబ్ల్యు-30 లాంటి అంకె ఉంటుంది. మొదటిది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది ఇంజను వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మీ పుస్తకంలో ఉన్న అంకే ఉండాలి. సీలు మీ ఎదుటే తీయమనండి. ఫిల్టరు కూడా ప్రతిసారీ మార్పించండి. పుస్తకం చెప్పిన కొలతే పోయించండి, ఎక్కువ పోసినా నురగ కట్టి చెరుపే చేస్తుంది.

నెలకోసారి మీరే చూసుకోవచ్చు. బండి చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలాగి కొలిచే పుల్ల బయటికి లాగండి. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజను కూడా మన మంగళగిరి పానకాలస్వామిలా కాస్త కాస్త తాగుతుంది, కాకపోతే సగం తిరిగి ఇవ్వదు! తగ్గితే పోయించండి. పెరిగి, పెట్రోలు వాసన కొడితే సంతోషించకండి, మార్పించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే బండి కదపకుండా మెకానిక్కుని పిలవండి. నడుపుతుండగా ఎర్రటి నూనె దీపం వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజను ఆపేయండి. ఇంకొక్క కిలోమీటరే కదా అనుకోవద్దు.

తీసేసిన నూనె మురిక్కాలవలో పోయనివ్వకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.

గ్యాసు సిలిండరు మార్చిన తేదీ గోడ క్యాలెండరు మీద రాసుకునే వాళ్లమే కదా మనం. పక్కనే నూనె మార్చిన తేదీ, మీటరు అంకె కూడా రాసిపెట్టండి. మీటరు చూసుకునేది మగవాళ్లయినా, తేదీలు గుర్తుండేది మనకే. ఏమంటారు?