దిష్టి తగిలిన టమాటా నారు

మా మిద్దె మీద టమాటా నారు వరుసగా రెండోసారి చచ్చిపోయింది. ఆకుల అంచులు మాడి, వారం తిరక్కుండా వాలిపోయింది. పక్కింటావిడ చూసి, "దిష్టి తగిలింది అన్నయ్యగారూ, నిమ్మకాయా మిరపకాయలూ కట్టండి" అంది. నేను నవ్వాను. నవ్వి, విత్తనాలమ్మిన దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. ఆవిడ మాటకి ఎంత రుజువుందో నా తిట్టుకీ అంతే ఉందని అప్పుడు తోచలేదు, హేతువాదినని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి!

నారు పోసింది కొన్న కంపోస్టు మిశ్రమంలో. సంచి మీద "పీట్ లేనిది, నూరు శాతం సేంద్రియం" అని ఉంది. పీట్ అంటే చలిదేశాల చిత్తడి నేలల్లో నాచు సగం కుళ్ళి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునే పదార్థం. దాన్ని తవ్వకపోవడం మంచిదే. కానీ మనకి దొరికే కోకోపీట్ అసలు పీటే కాదు, కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. సరిగ్గా కడగకపోతే అందులో సోడియం, పొటాషియం, క్లోరైడు లవణాలు ఉండిపోతాయి. లేత వేళ్ళు వాటికి తట్టుకోలేవు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద సిటీ కంపోస్టుకైతే లవణాలకు పరిమితి ఉంది: విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటకూడదు. నా సంచి మీద అలాంటి అంకె ఏదీ లేదు. నేనూ అడగలేదు. "సేంద్రియం" అన్న మాటని తాయెత్తులా నమ్మాను.

అదే పొట్లంలోని విత్తనాలు నాలుగు పెరుగు డబ్బాల్లో 20 చొప్పున వేశాను. ఎర్రమట్టిలో 17 మొలిచాయి. సంచి మిశ్రమంలో 5. అదే మిశ్రమాన్ని మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి వేస్తే 15. నాలుగోది కడగని మిశ్రమమే, పైన పక్కింటావిడ కట్టిన నిమ్మకాయ. అందులో 6.

"ఒకటి ఎక్కువే కదా!" అంది ఆవిడ. ఇరవైలో ఒకటి తేడా ఊరికే కూడా వస్తుందని చెప్పి, ఆ రెండు డబ్బాలూ మళ్ళీ వేశాను. ఈసారి నిమ్మకాయ ఉన్నదాంట్లో 4, లేనిదాంట్లో 7. నిమ్మకాయ ఎండిపోయిందంది.

కడిగిన డబ్బాలో నారు మూడో వారానికి పాలిపోయింది. పొట్టులో నత్రజని దాదాపు ఉండదు మరి. మూడోవంతు వానపాముల ఎరువు కలిపి వేరే కుండీల్లోకి మార్చాక తేరుకుంది.

విత్తనాల దుకాణానికి వెళ్ళి ఇంకో పొట్లం కొన్నాను. నేను తిట్టుకున్న సంగతి ఆయనకి తెలీదు.