ఫుట్‌బాలు మైదానములో ఖాళీ బల్లలు

2023వ సంవత్సరపు శరత్కాలమున మేమును మా ఇల్లాలును అమెరికాలోని మా పెద్దకుమారుని యింట నాలుగు మాసములు గడపితిమి. అతని కుమార్తె అచ్చటి యొక ప్రభుత్వ విశ్వవిద్యాలయమున కడపటి సంవత్సరము చదువుచుండెను. చదువునది జీవశాస్త్రము, ప్రాణము పెట్టుకొన్నది మాత్రము కళాశాల బ్యాండులోని క్లారినెట్టు మీద. మన వైపున బ్యాండు మేళమనగానే పెండ్లి యూరేగింపు తోచును. ఆ దేశమున విశ్వవిద్యాలయపు బ్యాండునకు చోటు ఫుట్‌బాలు మైదానము. రెండు వందలమందికి పైగా పిల్లలు ఒకే తీరు దుస్తులు ధరించి, ఆట నడిమి విరామమున మైదానమంతయు పరచుకొని, నడచుచు వాయింతురు. ఇందులకై సెలవులు ముగియకమునుపే వచ్చి దినమంతయు ఎండలో అభ్యాసము చేయుదురు.

మేము వెళ్లిన మొదటి శనివారము ఇంటిల్లిపాదియు టెలివిజను ముందర కూర్చుంటిమి. మనుమరాలిని చూడవలెనని మా ఇల్లాలు పిండివంటలు కూడ ముందే ముగించుకొని కూర్చుండెను. ఆట సగము కాగానే మైదానము తెరమీదనుండి మాయమయ్యెను. దాని స్థానమున కోట్లు తొడుగుకొన్న నలుగురు పురుషులు బల్లచుట్టు కూర్చుండి అంతవరకు జరిగినదానినే మరల చెప్పసాగిరి. నడుమనడుమ మోటారు బండ్ల ప్రకటనలు, భీమా ప్రకటనలు. ఇరువది నిమిషముల విరామము ఇట్లే గడచెను. బ్యాండు కనబడలేదు, వినబడలేదు.

“ఆటగాళ్లను మూడు గంటలు చూపించారు, మన పిల్లను మూడు నిమిషాలు చూపించలేకపోయారా?” అని మా ఇల్లాలు కొడుకును నిలదీసెను.

“అది టీవీలో రాదమ్మా. చూడాలంటే అక్కడికే వెళ్లాలి,” అని అతడు చెప్పెను. చెప్పుటలో ఉత్సాహము లేదు. అతనికి రెండు స్థలములు ఏటేట కొనియుంచిన వున్నవి. ఆ యేడు ఒక్కమారైనను పోలేదట. ఇంట వెచ్చగానుండును, ప్రతి యెత్తును నాలుగు దిక్కులనుండి చూపుదురు, కాఫీకి వరుసలో నిలువనక్కర లేదు. అతడు చెప్పినదానిలో తప్పేమియు లేదు. అయినను ఆ సంవత్సరపు కడపటి ఆటకు మేము పోవుటకు నిశ్చయించితిమి. మనుమరాలు వాయించు చివరిదినము కూడ అదియే.

ఈ యాటను గూర్చి చదువరులకు రెండు మాటలు చెప్పవలెను. పేరు ఫుట్‌బాలే గాని పాదము బంతికి తగులుట అరుదు. చేతబట్టుకొని పరుగెత్తుటయు, విసరుటయు, అడ్డువచ్చినవానిని పడద్రోయుటయు ఆట. 1869వ సంవత్సరమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు తమలో తాము ఏర్పరచుకొని ఆడినది దీనికి మొదలు. నాటి యాట నేటిదానిని పోలదు. కాని విద్యార్థులు విద్యార్థులకొఱకు ఆడిరనుట గమనింపదగినది. 1920 తరువాత పదేండ్లలో కళాశాలలు పోటీపడి మహామైదానములు కట్టించినవి. యాన్ ఆర్బరులోని మిషిగన్ విశ్వవిద్యాలయపు మైదానము 1927లో వెలసినది. నేడందు 1,07,601 మంది పట్టుదురు. లక్షకు పైగా పట్టు కళాశాల మైదానము లాదేశమున ఎనిమిది కలవు. ఒక మధ్యతరగతి పట్టణపు జనమంతయు ఒక శనివారము ఒక కళాశాల బల్లలమీద కూర్చుండుననగా మన కళాశాలల నెఱిగినవారికి నమ్మశక్యము కాదు.

నవంబరు నాలుగవ గురువారము వారికి కృతజ్ఞతా పర్వము; ఆ పిమ్మటి శనివారము మేము బయలుదేరితిమి. ఆట యెన్ని గంటలకో పండ్రెండు దినములకు ముందు తేలలేదు. ఒక్కొక్కప్పుడు ఆరుదినముల ముందువరకును తేలదట. పెండ్లివారికి ముహూర్తము పందిరివాడు నిర్ణయించినట్లు, ఆటకు వేళను టెలివిజను కంపెనీలు నిర్ణయించును. మాకు వచ్చిన వేళ రాత్రి ఏడున్నర. చలి ఎముకలు కొఱుకుచుండెను.

ద్వారమువద్ద మా ఇల్లాలి చేతిసంచిని ఆపిరి. లోనికి పోవు సంచి పారదర్శకముగా నుండవలెనట. పులిహోర పొట్లమునకు అసలే అనుమతి లేదు. ఆ సంచి మరల బండిలో పెట్టివచ్చుటకు మైలు దూరము నడువవలసి వచ్చెను. బండి నిలుపుటకు అప్పటికే నలువది డాలర్లు చెల్లించియుంటిమి. టిక్కెట్టు కాగితముగా లేదు, కుమారుని చేతిఫోనులో నున్నది. ఆ ఫోను చలికి మొండికెత్తెను. ఇన్ని గండములు దాటి లోనికి పోయి చూతుము గదా, మా వరుసలో మేమిద్దరమే. కుమారుడు కాఫీకొఱకు పోయి వరుసలో నిలిచెను. ముందు వరుసలో ఒక వృద్ధదంపతులు దుప్పటి కప్పుకొని కూర్చుండిరి. విద్యార్థులకు కేటాయించిన భాగమున అల్యూమినియము బల్లలు దీపముల వెలుగున తళతళ మెఱయుచుండెను. సెలవులకు పిల్లలు ఇండ్లకు పోయిరనుట నిజమే. కాని ముందరి వృద్ధుడు, సెలవు లేని వారములలోను ఇంతకు రెట్టింపే గాని అంతకు మించి రారని చెప్పెను.

మూడవ భాగమున ధ్వనివిస్తారిణి నుండి ఆనాటి హాజరు సంఖ్యను ప్రకటించిరి. అది వినినవారు వెనుదిరిగి ఖాళీ బల్లలవైపు చూచి నవ్విరి. సంఖ్య అమ్మిన టిక్కెట్లది గాని, వచ్చిన మనుష్యులది కాదని వృద్ధుడు మాకు వివరించెను. ఇది యొక కళాశాల మర్మము కాదు. 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక అనేక కళాశాలల ద్వారములవద్ద నిజముగా లెక్కింపబడిన టిక్కెట్లను తెప్పించి పోల్చిచూడగా, అంతకుముందటి యేడు ప్రకటిత సంఖ్యలో సగటున నూటికి డెబ్బదియొక్కరు మాత్రమే లోనికి వచ్చినట్లు తేలినది. ప్రకటిత సంఖ్యలే తగ్గుచుండగా సంగతి యిది. పెద్ద తరగతి కళాశాలల ఆటలకు 2008లో సగటున 46,000కు పైగా ఉన్న హాజరు 2018లో 42,000కు లోబడినది. 2020 నాటి మహమ్మారి తరువాత కొంత కోలుకొనుట నిజము. యాన్ ఆర్బరువంటి చోట్ల లక్ష నేటికిని నిండుచున్నది. తఱుగు కనబడునది ఎక్కువగా నడిమి తరగతి కళాశాలలలో.

విద్యాసంస్థ నోట అసత్యపు సంఖ్య వినుట మాకు కష్టముగా నుండెను. అసత్యమన్నమాట పెద్దదైనచో, అమ్మకమును హాజరని పిలుచుట యందము.

ఆట నడుచుచుండగా మాటిమాటికి ఎఱ్ఱటోపీ ధరించిన యొక మనుష్యుడు గీతలోపలికి వచ్చి చేతులు కట్టుకొని నిలుచుచుండెను. అతడు నిలిచినంతసేపు ఇరుపక్షముల వీరులును గుంపులుగా నిలిచి ఊపిరి ఊదుకొందురు. మా ఇల్లాలు అతడు న్యాయనిర్ణేత యనుకొనెను. అతడు టెలివిజనువారి మనిషి. ఇంటనున్నవారికి ప్రకటనలు చూపుట ముగియువరకు ఆటను ఆపుట యతని పని. అతడు తొలగినగాని ఆట సాగదు. ఆ రాత్రి గడ్డకట్టు చలిలో మేమందరము ఎక్కడో వెచ్చని యింట కూర్చున్నవాని కొఱకు నిరీక్షించితిమి. డబ్బిచ్చి వచ్చినవాడు డబ్బియ్యక ఇంటనున్నవానికి పరివారమైనాడు!

ఇది యెట్లు వచ్చినదో విచారింపగా కథ పాతదే. టెలివిజను క్రొత్తగా వచ్చిననాడే కళాశాలల సంఘము భయపడినది. ఇంటనే చూపినచో మైదానమునకు ఎవరు వత్తురని 1951లో ప్రసారములకు కట్టడి విధించినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ధిక్కరింప జూచి, తుదకు లొంగినది. ఆ కట్టడి మూడు దశాబ్దములు నిలిచినది. 1984లో ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయముల వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఏడుగురికి ఇద్దరుగా దానిని కొట్టివేసినది. అసమ్మతి తీర్పు వ్రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్ స్వయముగా కొలరాడో విశ్వవిద్యాలయమున ఈ యాట ఆడి పేరుగాంచినవాడు. కళాశాల ఆటను కేవలము వ్యాపారముగా పరిగణించుట పొరపాటని ఆయన వాదము. ఆయన మాట నెగ్గలేదు.

అయితే టెలివిజనే జనమును ఇంట కట్టివేసినదని తేల్చివేయుట తొందరపాటు. 1984 తరువాత ఇరువదినాలుగేండ్లకు గాని హాజరు శిఖరము ముట్టలేదు. చూచినకొలది ఆసక్తి పెరిగి జనము ఇంకను వచ్చిరి. తరువాత మారినది సొమ్ము కొలత. బిగ్ టెన్ అను కళాశాలల కూటమి ఒక్కదానికే 2023 మొదలు ఏడేండ్లకు ఏడువందల కోట్ల డాలర్లకు పైగా ప్రసారపు సొమ్ము వచ్చునని పత్రికలు వ్రాసినవి. అంత సొమ్ము ఒక్క చోటనుండి వచ్చునప్పుడు, చలిలో బల్లమీద కూర్చున్న ముసలివాని సౌకర్యమును ఎవరు విచారింతురు? వానినుండి రావలసినది మాత్రము మానరు. మంచి స్థలము కావలెనన్నచో టిక్కెట్టు వెలకు తోడు కళాశాలకు ‘విరాళము’ ఈయవలెను. ఆ విరాళములో నూటికి ఎనుబదివంతులకు పన్ను మినహాయింపు కూడ ఉండెడిది. 2017 నాటి చట్టముతో అదియు పోయినది. ముందు వరుసలోని వృద్ధుడు ఆ యేడు మొదలు రెండు స్థలములు తగ్గించుకొనెనట. మిగిలినవి రెండు.

విద్యార్థుల సంగతి మరి వింత. మిషిగనులో 2014లో విద్యార్థుల టిక్కెట్ల అమ్మకము విపరీతముగా పడిపోగా, మరుసటి యేడు వెలను 175 డాలర్లకు దించవలసి వచ్చినది. అలబామా విశ్వవిద్యాలయము, గెలుపులలో దేశమునకు తలమానికమైనది, 2019లో మరియొక యుపాయము పన్నినది. విద్యార్థి చేతిఫోను అతడెక్కడ నున్నాడో కనిపెట్టును. వచ్చినందులకు నూరు గుణములు, నాలుగవ భాగమువరకు కదలకున్నచో ఇంకొక రెండువందల యేబది. గుణములు కూడినవారికి పెద్ద పోటీల టిక్కెట్లలో మొదటి వంతు. పాఠమునకు హాజరుపట్టీ ఉండుట ఎఱుగుదుము. ఆటకు హాజరుపట్టీ ఇదియే వినుట! అదే సంవత్సరమున ఆ ప్రాంతపు కూటమి మైదానములలో బీరును ద్రాక్షసారాయమును సామాన్యజనమునకు అమ్మనిచ్చినది. జనమును నిలుపుటకు సారాయిని పిలిచిన సభ యేదియు బాగుపడుట మేము చూడలేదు.

ఆ విశ్వవిద్యాలయమున మన జిల్లాలనుండి పోయి చదువుకొను యువకులు చాలమంది యున్నారు. వారిలో ఒకడు ఒక ఆదివారము మా యింటికి భోజనమునకు వచ్చెను. “ఒక్కసారి వెళ్లానండి, ఫోటో తీసుకోవడానికి. నాలుగు గంటలు పోయాయి,” అనెను. అతనిని తప్పుపట్టలేము. అప్పుతో చదువుకొను పిల్లవానికి ఆ నాలుగు గంటలును అరువు సొమ్మే.

సంస్కారాభిలాషులైన చదువరులలో కొందరు, ఇంతకు పోయినదేమున్నది, కళాశాలకు ఈ కుస్తీ యేల యని యడుగుదురు. మేమును మొదట నట్లే తలచితిమి. తలకు దెబ్బలు తగిలి పిల్లలు జీవితాంతము బాధపడు ఆట ఇది. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు హచిన్స్ 1939లో దీనిని తమ కళాశాలనుండి తొలగించెను. ఖాళీయైన ఆ మైదానపు మెట్లక్రిందనే 1942 డిశంబరు 2న శాస్త్రజ్ఞులు మొట్టమొదటి పరమాణు శృంఖలాచర్యను సాధించిరి. ఇట్టి యుదాహరణము చేతనుండగా ఖాళీ మెట్లకు విచారపడుట యేల యని మా వాదము. కాని నేడు తగ్గుచున్నది ఆట కాదు. ఆట పెరిగినది, దెబ్బలు తగ్గలేదు, సొమ్ము పొంగుచున్నది. తగ్గినది ఊరివారును, పాతవిద్యార్థులును, కొత్తపిల్లలును ఒక బల్లమీద కలిసి కూర్చుండుట యొక్కటియే. హచిన్స్ తీసివేసినదానిని వీరు ఉంచుకొన్నారు. ఆయనకు కూడ అభ్యంతరము లేని భాగమును జారవిడిచినారు. చికాగో దగ్గఱి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము 47,000 మంది పట్టు తన పాత మైదానమును 2024లో పడగొట్టి, 35,000 మందికి సరిపడు క్రొత్తదానిని తలపెట్టినది. తక్కువమందిని పట్టు క్రొత్త కట్టడమునకు పాతదానికన్న ఎన్నో మడుగుల వ్యయము.

విరామము రాగానే బ్యాండు మైదానములోనికి నడచివచ్చెను. ఉన్న జనములో సగము లేచి తినుబండారముల కొట్లవైపు పోయిరి. రెండువందల వాద్యములు ఒక్కసారి మ్రోగగా మా క్రింది బల్ల అదరెను. టెలివిజనులో ఆ అదురు ఎట్లు పట్టుదురో మేమెఱుగము. పిల్లలందరును ఒకే టోపీలలో నుండుటచే మనుమరాలెవ్వరో మాకు తెలియలేదు. మా ఇల్లాలు లేచి నిలిచి, ఎఱ్ఱ శాలువను సవరించుకొని, ముందు ఒక పిల్లను, తరువాత ఇంకొక పిల్లను చూచి “అదుగో, అదే!” అనెను. చివరకు ముందరి వృద్ధుని భార్య తన దుర్భిణిని చేతికిచ్చెను. దానితో చూచిన పిమ్మట మా ఇల్లాలు మరి మాటలాడలేదు.

ఆట ముగిసినది. వారి పక్షము ఓడినది. ఓడినను గెలిచినను ఆటగాండ్రు బ్యాండు ముందరకు వచ్చి నిలువగా కళాశాల గీతమును వాయించుట ఆచారమట. అప్పటికి బల్లలమీద కొన్ని వందలమంది మిగిలియుందురు. వృద్ధుడు టోపీ తీసి, ఆ చలిలో బోడితలతో నిలిచెను. నలువదియొక్క సంవత్సరములుగా వచ్చుచున్నానని, వచ్చు ఏటికి స్థలములు మరల తీసుకొనుట లేదని మా కుమారునితో చెప్పెను. కుమారుడు తన స్థలముల మాట యెత్తలేదు.

బయట బండివద్దకు మనుమరాలు టోపీ చేతబట్టుకొని పరుగెత్తుకొని వచ్చెను. కన్నులు ఎఱ్ఱబడియుండెను. నాయనమ్మ దగ్గఱకు తీసుకొని, “మేమెక్కడ కూర్చున్నామో నీకేం తెలుస్తుందిలే, అంత పెద్ద మైదానం,” అనెను.

“తెలిసింది నాయనమ్మా. మైదానంలోకి అడుగుపెట్టగానే కనిపించారు. ఆ వరుస మొత్తానికి మీరూ తాతయ్యే కదా!”