కూడు పెడుతుందా అని అడిగిన తమ్మునికి

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ఎర్రగుంట్ల పక్క తండా నుంచి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న సెలవులకు పోతే మా తమ్ముడొకడు బీఎస్సీ ఫిజిక్స్ మానేసి బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోతానన్నాడు. ఆ రాత్రి కరెంటు పోతే అందరం మిద్దెక్కినాం. దక్షిణాన తేలు తోక పక్కన పాలపుంత చూపించి, "ఆడ మన గెలాక్సీ నడిమధ్యన సూర్యుని కంటే 40 లక్షల రెట్లు బరువైన బ్లాక్‌హోల్ ఉందిరా" అన్నాం.

"ఉంటే ఏమి? అది మనకు కూడు పెడుతుందా అన్నా?" అన్నాడు.

మాకు నోరు రాలేదు. తర్వాత తట్టింది, దాని కథ కూడా కూటి కథే అని.

బ్లాక్‌హోల్ దగ్గరికి గ్యాస్ వచ్చి చేరితే, అది చుట్టూ తిరుగుతూ రాపిడికి కాగిపోయి, గెలాక్సీలోని నక్షత్రాలన్నిటికంటే ఎక్కువగా వెలుగుతుంది. అదే క్వేసార్. 3సి 273 అనే చుక్క మామూలు నక్షత్రం కాదని, ఎంతో దూరంలో ఉందని 1963లో మార్టెన్ ష్మిట్ తేల్చినాడు. దాని వెలుగు మన దగ్గరికి రావడానికి సుమారు 200 కోట్ల ఏండ్లు పట్టింది. అది బయలుదేరేనాటికి మనం కోసే నాపబండ ఇంకా పుట్టనే లేదు.

విశ్వం వయసు 1380 కోట్ల ఏండ్లు. సుమారు 1000 కోట్ల ఏండ్ల కిందట క్వేసార్లకు పండగ కాలం. అప్పుడు గ్యాస్ దండిగా ఉండేది, గెలాక్సీలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. రానురాను గ్యాస్ చాలావరకు నక్షత్రాలైపోయింది. బ్లాక్‌హోల్ చుట్టూ లేచిన గాలులే కొంత గ్యాస్‌ను తరిమేసినాయి, అంటే తన కూడు తానే చెడగొట్టుకుంది. 2022లో ఫొటో బయటికొచ్చిన మన బ్లాక్‌హోల్ కూడా ఇప్పుడు దాదాపు పస్తే.

ఇట్లాంటివి చానా దుమ్ము చాటునే పెరిగినాయి. మామూలు టెలిస్కోపుకు కనపడవు, ఎక్స్‌రే, ఇన్‌ఫ్రారెడ్‌లలో దొరుకుతాయి. పాలిష్ దుమ్ములో తెల్లగా అయిపోయి ఇంటికొచ్చే నాయనలను చూసిన మనకు ఇది ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇంకా తెగని ముడి ఒకటుంది. 2017లో కనిపెట్టిన ఒక క్వేసార్, విశ్వానికి 69 కోట్ల ఏండ్లప్పుడే 80 కోట్ల సూర్యుల బరువుంది. అంత బిరీన ఎట్ల పెరిగిందో ఇప్పటికీ వాదన నడుస్తానే ఉంది. ఆ వాదనలో మనోళ్లెందుకు ఉండకూడదు? హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగిన వైను బప్పు పేరు మీద కావలూరులో పెద్ద టెలిస్కోపు ఉంది. అది ఉన్న జవ్వాది కొండలు మనలాంటి గిరిజనులవే.

తమ్మునికి అబద్ధం చెప్పలేదు. బ్లాక్‌హోల్ కూడు పెట్టదు, ఇంట్లో అప్పు నిజమే. ఈ సెమిస్టర్ ఫీజుకు మేం ముగ్గురం తలా కొంత వేసుకున్నాం. వాడు సెలవుల్లో ఫ్యాక్టరీకి పోతాడు, పరీక్షలు మాత్రం రాస్తాడు. వచ్చే సెమిస్టర్ సంగతి అప్పుడు చూడాల.

మీ ఊర్లోనూ ఇట్ల మానేద్దామనుకునే వాళ్లుంటే ఒక రాత్రి మిద్దెక్కించండి. పోయేటప్పుడు స్కాలర్‌షిప్ కాగితాలు కూడా చేత పట్టుకుపోండి.