లిస్మోర్ కోట – ఒక గాలి లెక్క

వాటర్‌ఫోర్డ్‌లో ఉంటున్నామని చెబితే మనవాళ్ళు ముందుగా అడిగేది గాజు సామాను గురించే. ఇంటికొచ్చిన చుట్టాలను మేమూ ముందు అక్కడికే తీసుకెళతాం. అయితే మా ఊరి గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు నాకు గాజు కాదు, గాలి గుర్తొచ్చింది. బెలూన్లకీ, రాకెట్లకీ, మా నాన్నగారి టిక్కెట్టుకీ సంబంధించిన గాలి.

మే నెలలో ఒక ఆదివారం వాన కాస్త తెరిపి ఇస్తే, పులిహోర డబ్బా కట్టుకుని పిల్లలతో లిస్మోర్ బయలుదేరాం. మా జిల్లాకు అది పడమటి కొస. నగరం నుంచి డంగార్వన్ మీదుగా 70 కిలోమీటర్ల పైచిలుకు. కాపొక్విన్ దాటి కొంచెం దూరం వెళితే బ్లాక్‌వాటర్ నది, దాని ఒడ్డున గుట్ట మీద బూడిదరంగు కోట. 1185లో జాన్ రాజకుమారుడు అక్కడ మొదటి కోట కట్టించాడట. తరువాత చాలా మార్పులు జరిగాయి. ఇప్పుడది డెవన్‌షైర్ డ్యూకు కుటుంబానిది కనుక లోపలికి రానివ్వరు. తోటలు మాత్రం టిక్కెట్టు కొని చూడవచ్చు. ఆ రోజు మాతోపాటు నాన్నగారు కూడా ఉండవలసింది. ఎందుకు లేరో ముందు ముందు చెబుతాను.

ఈ కోటలో 1627 జనవరి 25న రాబర్ట్ బాయిల్ పుట్టాడు. కార్క్ ప్రభువుకు పద్నాలుగో సంతానం. ఎనిమిదో ఏటనే ఇంగ్లండుకు చదువుకు పంపేశారు. మనమంతా హైస్కూల్లో బట్టీపట్టిన పీడనం, ఘనపరిమాణం, విలోమానుపాతం ఈయనవేనంటే మా పెద్దవాడు నమ్మలేదు. పాఠంలో ఉన్న మనిషికి పుట్టిన ఊరు ఒకటి ఉంటుందని వాడికి తోచలేదు. నిజం చెప్పాలంటే ఈ దేశం వచ్చేదాకా నాకూ తోచలేదు.

1660 ప్రాంతాల్లో బాయిల్ ఒక కాగితం మీద, శాస్త్రం ఎప్పటికైనా సాధించాలని తాను ఆశపడే సంగతులు 24 రాసిపెట్టుకున్నాడు. ఆయుష్షు పెంచడం, నీళ్ళ అడుగున చాలాసేపు ఉండగలగడం, మునగని ఓడ, దూరాన ఉండి రోగం కుదర్చడం – వాటి మధ్య ఎగిరే విద్య కూడా ఒకటి. మనిషి బెలూన్‌లో మొదటిసారి పైకి లేచింది 1783లో, ఆయన పోయిన తొంభై ఏళ్ళు దాటాక. కాని పైకి వెళ్ళేవాడికి తెలియవలసిన మొదటి లెక్క ఆయన అప్పటికే కట్టిపెట్టాడు.

1659లో రాబర్ట్ హుక్ చేత వాయుపంపు చేయించుకుని, గాజుబుడ్డిలోంచి గాలి తోడేసి, లోపల పెట్టిన పక్షులకూ ఎలుకలకూ ఏమవుతుందో చూశాడు. 1662లో తన నియమం ప్రకటించాడు. 1670లో వచ్చిన ఒక ప్రయోగం డాక్టర్లకు ముఖ్యం. గాలి తోడేసిన బుడ్డిలో ఉన్న పాము కంట్లో చిన్న గాలిబుడగ కదలడం ఆయన గమనించాడు. సముద్రపు లోతుల నుంచి గబగబా పైకి వచ్చే ఈతగాళ్ళకూ, తగిన జాగ్రత్త లేకుండా ఎత్తుకు పోయే వైమానికులకూ పట్టుకునే జబ్బు ఇదే.

ఆ లెక్కను కళ్ళారా చూడాలంటే మన హైదరాబాదే వెళ్ళవచ్చు. అక్కడి టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రంలో పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేస్తారు. వదిలేటప్పుడు నెత్తిన మాత్రమే కాస్త వాయువు ఉంటుంది, మిగతాదంతా ఖాళీ సంచిలా వేలాడుతుంది. 40 కిలోమీటర్ల ఎత్తులో పీడనం నేలమీద ఉన్నదానిలో మూడు వందలో వంతు కన్నా తక్కువ. అందుకని ఆ కాస్త వాయువే ఉబ్బి సంచినంతా నింపేస్తుంది. 2005లో అలాంటి బెలూన్ ఒకటి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలి పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త రకాల సూక్ష్మజీవులు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా అంతరిక్ష చరిత్రలో ఉంది. 1965 మార్చి 18న అలెక్సీ లియోనోవ్ మొట్టమొదటిసారి నౌక బయట శూన్యంలోకి వచ్చాడు. బయట పీడనం లేదు కనుక లోపలి గాలికి దుస్తులు ఉబ్బి బిగుసుకుపోయి, తిరిగి లోపలికి దూరలేకపోయాడు. దుస్తుల్లోని గాలి కొంత వదిలేసి బతికి బయటపడ్డాడు. 1971 జూన్ 30న సోయజ్ 11 తిరిగి వస్తుండగా ఒక వాల్వు తెరుచుకుని గాలంతా పోయింది. ముగ్గురు వ్యోమగాములూ కూర్చున్నచోటే ప్రాణాలు విడిచారు. 2022 మార్చిలో అంతరిక్షంలో నడిచిన రాజాచారి – ఆయన తండ్రిది తెలంగాణ – బయటికి అడుగుపెట్టే ముందు చాలాసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చవలసి వచ్చింది. రక్తంలో ఆ పాము కంటి బుడగ పుట్టకుండా ఉండడానికే అది.

ఇక నాన్నగారి సంగతి. ఆయన తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పారు. ఇప్పుడు 74 ఏళ్ళు. మే నెలకు టిక్కెట్లు కొన్నాం. ప్రయాణం మూడు వారాలుందనగా ఆయాసమొచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టు కనబడింది. గొట్టం వేసి తీశారు గాని, కాస్త గాలి మిగిలిపోయింది. నేను రావద్దన్నాను.

"నడుస్తున్నాను, తింటున్నాను, నాకేమైందిరా? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చూస్తాను మనవల్ని?" అని కోప్పడ్డారు. రెండు రోజులు ఫోన్ దగ్గరికి రాలేదు. డాక్టరు కొడుకు ఉండి ఇదా ఫలితం అని అమ్మతో అన్నారట. మూడో రోజు పట్టుకుని అడిగాను.

"నాన్నా, విమానం లోపల పీడనం నేలమీద ఉన్నదానిలో ముప్పాతిక వరకు పడిపోవచ్చు. మీ ఛాతీలో చిక్కుకున్న గాలి ఎంతవుతుంది?"

చాలాసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "మూడో వంతు పెరుగుతుంది" అన్నారు. వెంటనే, "ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే అని చెప్పాలిరా, అది చెప్పకపోతే సగం మార్కులే" అన్నారు. ఆ తరువాత, "సరే, టిక్కెట్టు రద్దు చేయించు" అన్నారు.

గెలిచానన్న సంతోషం నాకేమీ కలగలేదు. లిస్మోర్ వంతెన మీద నిలబడి కోట ఫోటో తీసి ఆయనకు పంపాను. "బాయిల్ ఏ ఊరివాడని ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లవాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అని జవాబు వచ్చింది.

బాయిల్ రాసుకున్న వాటిలో ఎగిరే విద్య మనకు దక్కింది. దాని పుణ్యాన ఇంత దూరం వచ్చి పడ్డాం. దూరాన ఉండి రోగం కుదర్చడం మాత్రం ఇంకా చేతకాలేదు. నాకు చేతనైనదల్లా ఫోన్‌లో రావద్దని చెప్పడమే.

మీ పెద్దవాళ్ళను రప్పించుకునేటప్పుడు ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా ఉంటే టిక్కెట్టు కొనకముందే వాళ్ళ డాక్టరును అడగండి. నాన్నగారికి వచ్చే వారం మళ్ళీ ఎక్స్‌రే. గాలి పూర్తిగా పోయిందని తేలినా, ఆ తరువాత కనీసం వారం రోజులు ఆగాలి. లిస్మోర్ తోటలు శీతాకాలం మూసేస్తారు. ఆలోగా ఆయనను ఆ వంతెన మీద నిలబెట్టాలని ఉంది.