ఆతిథ్యం ఎవరిది?

ఫలానా నగరం ఫలానా క్రీడలకు ‘ఆతిథ్యం’ ఇవ్వబోతోందని పేపర్లు రాస్తుంటాయి. 2025 నవంబర్‌లో 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమైనప్పుడూ అదే మాట. అది చదివినప్పుడల్లా నాకు మన ఇళ్లలో జరిగే ఆతిథ్యం గుర్తొస్తుంది. చుట్టాలను పిలిచేది ఇంటాయన. నీళ్లు తోడేది, పొయ్యి ముందు కూచునేది, అందరూ తిన్నాక మిగిలింది తినేది ఆడవాళ్లు. మర్యాద బాగా చేశారన్న మెప్పు మాత్రం ఆయనకే. పిలిచే ముందు ఆమెను ఎవరూ అడగరు. నగరాల ఆతిథ్యం ఇంతకంటే భిన్నంగా ఉంటుందా?

మాది వీపనగండ్ల. ఇప్పుడు వనపర్తి జిల్లా, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. కృష్ణ అంత దగ్గర్లో పారుతున్నా వానకోసం ఆకాశం చూసి, అది రాకపోతే మూటాముల్లే సర్దుకున్న ప్రాంతం. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు, నగరాల్లో మేడలు... ఎక్కడ మట్టి తవ్వాలన్నా ‘పాలమూరు లేబర్’ను పిలిచేవాళ్లు. డాక్టరేట్ కోసం వలస సాహిత్యం చదువుతున్నప్పుడు నాకొకటి తట్టింది. నేను చదివినంతలో వలసపోయిన మగవాడి గురించి, ఊళ్లో మిగిలిన ముసలితల్లి గురించి చాలా ఉంది. మొగుడితో పాటు వెళ్లి, చంటిబిడ్డను ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టి తట్ట మోసిన మనిషి గురించి తక్కువ.

మా పెద్దమ్మ అలాంటి మనిషి. ఏళ్ల తరబడి మేస్త్రీ వెంట తిరిగింది. ఒకసారి ఒక పెద్ద ఆటస్థలం కట్టడానికి పోయామని చెప్పింది. ఏ నగరమో, ఎవరి ఆటలో ఆమెకు గుర్తులేదు. మెట్లు మాత్రం గుర్తున్నాయి. “మెట్లే మెట్లు బిడ్డా! ఇంతమందిని ఒక్కతాన కూసోవెట్టి ఏం జేస్తరు?” అంది. ఆటలు చూశావా అని అడిగితే నవ్వింది. “ఆటలదాంక మమ్మల్ని ఎందుకుంచుతరు? నేల సాపు జేసినంక లారీ ఎక్కిచ్చిన్రు.”

కూలి ఎంతిచ్చారంటే చెప్పలేకపోయింది. ఆమె పోయిన ఏ పనిలోనూ కూలి ఆమె చేతికి రాలేదు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఆలుమగలిద్దరి మీదా కలిపి ఉండేది, లెక్క పెదనాన్నతో జరిగేది. తను ఎంత సంపాదించిందో ఈనాటికీ ఆమెకు తెలియదు.

ఆమె కథ ఒక్క మా ఇంటి కథ అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో కార్మికుల పరిస్థితి మీద పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. అందులో జమాదారు రూపాయి కోసుకుంటే మనిషికి అందేది 8 రూపాయల 25 పైసలు. స్త్రీలకైతే ఇస్తున్నది 7 రూపాయలేనని పిటిషన్ చెప్పింది. సమాన వేతన చట్టం వచ్చి అప్పటికి ఆరేళ్లు! కనీస కూలి కన్నా తక్కువిచ్చి చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీయేనని జస్టిస్ భగవతి ఆ ఏడాది సెప్టెంబర్‌లో తీర్పు ఇచ్చారు. దేశమంతా టీవీల ముందు కూచుని చూసిన ఆ పండగ వెనుక ఈ మాట ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అదే ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు. 2010లో హైకోర్టు వేసిన కమిటీ కార్మికుల కూలీల్లో, బసల్లో ఉల్లంఘనలున్నాయని మళ్లీ తేల్చింది. షెడ్యూల్డ్ కులాల కోసం కేటాయించిన నిధుల్లోంచి వందల కోట్లు ఈ క్రీడల పనులకు మళ్లాయన్న విషయం అదే ఏడాది పార్లమెంటుకెక్కింది. అంటే తట్ట మోసిన దళిత స్త్రీ తన కూలి పోగొట్టుకోవడమే కాదు, తన పిల్లల చదువుకు, ఇంటికి రావలసిన డబ్బుతో కూడా చుట్టాలకు మర్యాద చేసిందన్నమాట.

ఇక మన హైదరాబాద్. 2002 డిసెంబర్‌లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. అవి వృథా అయ్యాయని నేననను. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అక్కడి ఇండోర్ స్టేడియంలోనే జరిగాయి. సైనా, సింధు ఈ నగరంలోనే తయారయ్యారు. వాళ్లను చూసి రాకెట్ పట్టిన ఆడపిల్లలెందరో. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ ప్రాంగణంలోని పద్నాలుగంతస్తుల భవనం టిమ్స్ ఆసుపత్రి అయింది. కట్టిన భవనం జనానికి పనికిరావడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాం. అయితే అది కట్టేనాడు వేసుకున్న పథకం కాదు, ఆపద తెచ్చిన ఆలోచన.

పారిస్ 2024 ఒలింపిక్స్ నిర్వాహకులు ముందే ఆలోచించారు. 95 శాతం వేదికలు పాతవో తాత్కాలికమైనవో ఉండేలా చూశారు. 2018లోనే కార్మిక సంఘాలతో సామాజిక ఒప్పందం రాసుకున్నారు. అయినా కాగితాల్లేని వలస కార్మికులు ఆ పనుల్లో బయటపడ్డారు. ఒప్పందం ఉంటే చాలదు. కానీ అది ఉంది కాబట్టే నిలదీయడానికి వాళ్లకొక ఆధారం దొరికింది.

పర్యావరణం, సుస్థిరాభివృద్ధి అనే మాటలు ఇప్పుడు ప్రతి క్రీడల నివేదికలోనూ ఉంటున్నాయి. ఎన్ని చెట్లు నాటారో, ఎంత కరెంటు ఆదా అయిందో లెక్కలుంటాయి. ఆ లెక్కలు కావలసిందే. వాటి పక్కనే పెద్దమ్మ లెక్క కూడా ఉండాలంటాను. స్త్రీ కూలి ఆమె పేరనే, ఆమె ఖాతాలోనే పడిందా? యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ఉంది. చట్టం పేరు ఏదైతేనేం, ఆ గది కట్టారా? అందులో పిల్లలున్నారా?

ఆటలయ్యాక ఆడేదెవరన్నది మరో లెక్క. తెలంగాణలో 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెడుతూ వచ్చారు. మంచి పనే. కానీ మా వైపు ఒక ఊళ్లో ఆ బోర్డు ఇళ్లకు దూరంగా, వాగు దారిలో ఉంది. కబడ్డీ బాగా ఆడే ఒక తొమ్మిదో తరగతి పిల్లను అక్కడికి వెళ్తావా అని అడిగాను. “పొద్దుగూకితే అమ్మ పోనియ్యది మేడమ్, అన్నలు వోతరు” అంది. లైటు, మరుగుదొడ్డి, నలుగురు నడిచే దారి, నేర్పడానికొక టీచరమ్మ. ఆ పిల్లకు కావలసినవి ఇవే. ఒక పెద్ద స్టేడియం ఖర్చులో ఇవి ఎన్ని ఊళ్లకు వస్తాయో ఎవరైనా లెక్క కట్టారా?

పెద్ద ఆటలు వద్దనడం నా ఉద్దేశం కాదు. చుట్టాలు రావడం అందరికీ సంతోషమే. పిలిచే ముందు పొయ్యి దగ్గరి మనిషిని అడగమంటున్నాను. అహ్మదాబాద్‌లో 2030కి ఇంకా సమయముంది. తట్ట మోయబోయే స్త్రీలు ఏ జిల్లాల నుంచి రాబోతున్నారో, వాళ్ల కూలి ఎవరి చేతిలో పడబోతోందో ఇప్పుడే అడగాలి. అది ఆర్థికశాస్త్రం వాళ్ల పని అని సాహిత్యం చదువుకున్న మనం పక్కకు తప్పుకోకూడదు. వాళ్ల మాట వాళ్ల నోటితో రికార్డు చేయడం మనకు చేతనైన పని, నిర్మాణం మొదలయ్యే రోజునే మొదలుపెట్టాల్సిన పని.