ముకుతాడు లేని ఎలుగు

నాకు అప్పుడు ఆరేళ్లు. హోసపేటలో మా వీధికి ఏడాదికొకసారి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు. డమరుకం చప్పుడు వినగానే పిల్లలమంతా పరుగెత్తుకుంటూ వెళ్లి అరుగుల మీద నిలబడేవాళ్లం. నేను రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నానని ఒకసారి మా అమ్మమ్మ నన్ను ఆ ఎలుగు వీపు మీద కూర్చోబెట్టించింది. అలా చేస్తే పిల్లలకు జడుపు పోతుందని ఆ రోజుల్లో పెద్దల నమ్మకం. ఆడించేవాడు దాని వెంట్రుకలు నాలుగు పీకి ఇచ్చాడు. వాటిని తాయెత్తులో పెట్టి నా మెడలో కట్టారు.

వీపు మీద కూర్చున్న నాకు దాని ముఖం దగ్గరగా కనిపించింది. ముక్కు పైన రంధ్రం చేసి అందులోంచి తాడు దూర్చారు. ఆ చోట పుండు పడింది. ఈగలు ముసురుతున్నాయి. తాడు లాగినప్పుడల్లా ఎలుగు రెండు కాళ్ల మీద లేచేది. మేము దాన్ని నాట్యమనుకొని చప్పట్లు కొట్టేవాళ్లం. నా జడుపు పోయిందో లేదో గుర్తులేదు. ఆ ముకుతాడు మాత్రం నా మనసులోంచి పోలేదు.

తరువాత కాలం మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తరువాత కూడా ఈ ఆట చాలా ఏళ్లు సాగి, 2009 నాటికి మన వీధుల్లో దాదాపు ఆగిపోయింది. మా ఊరికి దగ్గరలోని దరోజిలో 1994లో ఎలుగుల కోసం అభయారణ్యం ఏర్పాటైంది. ఉపాధ్యాయినిగా ఉన్నప్పుడు పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. గుట్ట మీది రాళ్లకు బెల్లపు పాకం పూసి ఉంచారు. సాయంత్రం ఎలుగులు వచ్చి దాన్ని నాకుతుంటే దూరంగా ఉన్న మంటపం మీద నుంచి చూశాం. వాటి ముక్కులకు తాళ్లు లేవు. నాకు సంతోషం కలిగింది. అయినా, మనం పిలవకుండా తన పని మీద తాను తిరిగే ఎలుగును ఒక్కసారి చూడాలన్న కోరిక మిగిలిపోయింది.

ఆ కోరిక తీరే అవకాశం 2018లో వచ్చింది. నా కూతురు అమెరికాలోని సియాటిల్‌లో ఉంటుంది. ఆ వేసవిలో నేను అక్కడికి వెళ్లినప్పుడు అలాస్కా తీరానికి వెళ్లే ఓడలో ఏడు రోజుల ప్రయాణానికి మూడు టిక్కెట్లు తీసుకుంది. అల్లుడికి సెలవు దొరకలేదు. నేను, అమ్మాయి, పదేళ్ల మనవరాలు వెళ్లాలి. ఓడ ఆగే ఊళ్లలో ఒకచోట చిన్న విమానమెక్కి ఎలుగులను చూసి రావచ్చని తెలియగానే, “ఆ ఏర్పాటంతా నాకు వదిలెయ్యి” అన్నాను.

మనవరాలు నాకు సహాయకురాలు. ఆ రోజుల్లో ఆమెకు తెలుగు ఒత్తులు నేర్పుతున్నాను. కాబట్టి మా పథకమంతా తెలుగులోనే రాయాలని షరతు పెట్టాను. ఒక కొత్త నోటుపుస్తకం తీసుకొని అట్ట మీద ‘ఎలుగు పుస్తకం’ అని రాసింది.

మొదటి ప్రశ్న, ఎక్కడికి వెళ్లాలి? జలపాతం అంచున నిలబడి, ఎగిరే చేపను నోటితో పట్టుకొనే ఎలుగు ఫోటోను మీలో చాలామంది చూసే ఉంటారు. అది కట్మై జాతీయ ఉద్యానంలోని బ్రూక్స్ జలపాతం. మనవరాలు అక్కడికే వెళ్దామంది. నేను పటం ముందు పెట్టి, ఒక దారం ఇచ్చి కొలవమన్నాను. మా ఓడ ఆగే జూనో పట్టణం నుంచి ఆ చోటు వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంది. “అలాస్కా అంతా ఒక్క ఊరు కాదన్నమాట!” అంది. ఆ మాట కూడా పుస్తకంలో రాయించాను.

కెచికన్ నుంచి ఆనన్ వాగుకు విమానాలు వెళ్తాయి. కాని ఆ ఊరిలో మా ఓడ ఆగేది కొద్ది గంటలే. జూనోలో అయితే ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటుంది. జూనో అలాస్కా రాష్ట్రానికి రాజధాని. అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో వెళ్లవలసిందే. దానికి దగ్గరలోనే అడ్మిరాల్టీ దీవి ఉంది. అక్కడి ఆదివాసులైన క్లింగిట్ ప్రజలు దాన్ని ‘కూట్జ్‌నూవూ’ అంటారు. అంటే ఎలుగుల కోట. ఆ దీవిలో సుమారు 1,600 గోధుమరంగు ఎలుగులు ఉన్నాయని అంచనా. నల్ల ఎలుగులు ఆ దీవిలో లేవు.

ఆ దీవిలో ప్యాక్ క్రీక్ అనే వాగు ఉంది. 1930ల నుంచే అక్కడ వేట నిషేధం. స్టాన్ ప్రైస్ అనే ఆయన ఆ వాగు దగ్గర సుమారు నలభై ఏళ్లు ఎలుగుల పొరుగున కాపురముండి, 1989లో మరణించారు. ఆ అభయారణ్యానికి ఆయన పేరే పెట్టారు. జులై 5 నుంచి ఆగస్టు 25 వరకు రోజుకు 24 మందికి మించి అక్కడికి అనుమతించరు. ఆ రోజుల్లోనే వాగులోకి సాల్మన్ చేపలు వస్తాయి, వాటి కోసం ఎలుగులు వస్తాయి. సాల్మన్ మంచినీటి వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన వాగుకే ఎదురీదుతుంది. యానాం దగ్గర గోదావరిలో పులస ఎదురీదడం చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. ఎలుగుకు బెల్లం పూసే పని అక్కడ లేదు. సందర్శకులు తమ తిండిని కూడా వేరే చోట భద్రపరచి, ఎలుగులను చూసే చోటికి ఉత్త చేతులతో వెళ్లాలి.

అనుమతి పత్రాలు దొరికాయి. ఇక విమానం. అది నీటి మీద దిగే చిన్న విమానం. చక్రాలకు బదులు పడవల్లాంటి రెండు తేలుడు బిళ్లలు ఉంటాయి. పేరు బీవర్. కెనడాలో తయారైన ఈ రకం విమానం మొదటిసారి 1947లో ఎగిరింది. 1967లోనే తయారీ ఆగిపోయినా, నేటికీ అక్కడి వాగులకూ సరస్సులకూ ఇవి తిరుగుతూనే ఉన్నాయి. ఆరుగురు ప్రయాణికులు పడతారు. బరువు సమంగా సర్దాలి కనుక అందరి బరువులూ ముందే చెప్పాలన్నారు. నేను రెండు కిలోలు తగ్గించి చెప్పబోతే మనవరాలు ఒప్పుకోలేదు. కాటా ఎక్కించి, ఉన్నది ఉన్నట్లు రాసింది.

అన్నిటికంటె కష్టమైనది కాలం లెక్క. విమానం 8:30కి లేస్తుంది. దారి అరగంట. ఎలుగుల దగ్గర మూడు గంటలు. తిరిగి అరగంట. అంటే 12:30కి జూనో చేరతాం. ఓడలోకి 4:30 లోపల ఎక్కాలి. “ఇంకా నాలుగు గంటలు మిగులుతుందిగా, ఎందుకమ్మా దిగులు?” అంది అమ్మాయి. కాని ఈ యాత్ర ఓడవాళ్ల ద్వారా కాక మేము సొంతంగా ఏర్పాటు చేసుకున్నది. మేము ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ పోతే తరువాతి ఊరు చేరడానికి మళ్లీ విమానమే దిక్కు. ఆ తీరంలో పొగమంచు ఎప్పుడు దిగుతుందో, ఎప్పుడు తొలగుతుందో చెప్పడం కష్టం. వెళ్లాక మంచు దిగితే దీవిలో చిక్కుకుపోతాం.

అందుకని పుస్తకంలో ఏడో నియమం రాయించాను. ‘10 దాటితే వెళ్లవద్దు.’ దాని కింద ఎనిమిదోది. ‘అప్పుడు బస్సులో మెండెన్‌హాల్ హిమానీనదం చూడాలి.’ విమానం నడిపేవారు వాతావరణం వల్ల ప్రయాణం రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తారు. మేమే మానుకుంటే ఇవ్వరు. ఆ సంగతి ముందే స్పష్టంగా చెప్పారు. ఒక్కొక్కరి రుసుము నా రెండు నెలల పింఛనుకు సమానం.

ఆగస్టులో ఓడ ఎక్కాం. అలాస్కా కాలం సియాటిల్ కంటె ఒక గంట వెనుక. ఆ సంగతి గుర్తుపెట్టుకొని గడియారాలు సరిచేసుకున్నాం. జూనో చేరిన ఉదయం తెర తొలగించి చూస్తే కొండలు లేవు. రేవు, నాలుగు దీపాలు, ఆ పైన తెల్లటి పొగమంచు. రబ్బరు బూట్లు తొడుక్కొని విమానాల రేవుకు వెళ్లాం. విమానం నడిపే ఆమె మాకు నమస్కరించినట్లు తల ఊపి, కాఫీ ఇప్పించింది. ఎదురుగా ఉన్న ఒడ్డును చూపి, “ఆ చెట్ల కొనలు కనిపించే వరకు నేను లేవను” అంది.

తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. చెట్ల మొదళ్లు కనిపించాయి గాని కొనలు కనిపించలేదు. పది కావస్తుండగా ఆమె వచ్చి, “పన్నెండుకల్లా తొలగవచ్చు. వేచి ఉంటారా?” అని అడిగింది. మాతో ఉన్న మరో ముగ్గురు వారం రోజులు జూనోలోనే ఉండేవారు. వాళ్లు సరేనన్నారు.

నేను లెక్క వేశాను. పన్నెండుకు లేస్తే నాలుగింటికి తిరిగి వస్తాం. అరగంట మిగులుతుంది. సరిపోతుంది కదా! అరవై ఏళ్ల కోరిక. ఆరు నెలల పింఛను. మళ్లీ ఈ వయసులో ఇక్కడికి వస్తానా? “వేచి ఉందామే” అన్నాను. అమ్మాయి మాట్లాడలేదు. మనవరాలు పుస్తకం తెరిచి ఏడో నియమం మీద వేలు పెట్టింది.

“అమ్మమ్మా, ఇది నువ్వే రాయించావు.”

“ఔను తల్లీ. కాని అప్పుడు...”

“అప్పుడు నీకు తొందర లేదు. ఇప్పుడు ఉంది.”

పదేళ్ల పిల్ల అన్న ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నియమం రాసిన రోజున నేను ఇంట్లో కూర్చొని, నెమ్మదిగా, అన్నీ ఆలోచించి రాశాను. దాన్ని ఇప్పుడు తోసెయ్యమంటున్నది నా ఆలోచన కాదు, నా ఆశ. రేవు మీద నిలబడి విమానాన్ని చూస్తూ వేసిన లెక్కలో మంచుకు చోటు లేదు. “మేము రాలేమమ్మా” అని విమానం నడిపే ఆమెతో చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. “మంచి నిర్ణయం” అని మాత్రం అంది.

బస్సులో ఇరవై కిలోమీటర్లు వెళ్లి హిమానీనదం దగ్గర దిగాం. నీలి రంగు మంచు కొండల మధ్య నుంచి సరస్సులోకి దిగుతోంది. దాని పక్కనే స్టీప్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. వాగు వెంట, నేలకు ఎత్తుగా, కర్ర పలకలతో కట్టిన నడక దారి వేశారు. అక్కడ కూడా తిండి తీసుకుపోకూడదు, దారి దిగకూడదు. నీళ్లలో ఎర్రటి సాల్మన్ చేపలు ఎదురీదుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాం.

ఇంతలో అందరూ ఒక్కసారిగా మౌనమయ్యారు. పొదల్లోంచి ఒక నల్ల ఎలుగు వచ్చింది. గోధుమరంగు ఎలుగులంత పెద్దది కాదు. సరిగ్గా మా వీధికి వచ్చినదాని అంత ఉంటుంది. నీళ్లలో దిగి, రెండుసార్లు తప్పిపోయి, మూడోసారి చేపను పట్టుకుంది. తల ఎత్తి మా వైపు చూసింది. మమ్మల్ని లెక్కచెయ్యలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు దాని ముక్కు స్పష్టంగా కనిపించింది. నీటి చుక్కలు కారుతున్నాయి. తాడు లేదు, పుండు లేదు. చేపను కరుచుకొని తన దారిన అడవిలోకి పోయింది.

నా కళ్లు చెమర్చాయి. మనవరాలు నా చెయ్యి పట్టుకొని, “భయమేసిందా అమ్మమ్మా?” అంది. ఓడకు తిరిగి వచ్చే దారిలో ఆమెకు మా వీధి ఎలుగు కథంతా చెప్పాను. చివరి వరకు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నది.

నాలుగు గంటలకు మేము ఓడ పైఅంతస్తులో ఉన్నాం. మంచు ఎప్పుడో తొలగింది. ఎండ కాస్తోంది. ఒక చిన్న విమానం వచ్చి నీళ్ల మీద వాలింది. అందులోంచి ఆ ముగ్గురూ దిగారు. అంటే, మేము వెళ్లి ఉన్నా ఓడ అందుకొనేవాళ్లమే. అమ్మాయి నా వైపు చూసింది. కాసేపు మనసు కలుక్కుమన్న మాట నిజం. కాని మంచు తొలగడం మా తెలివి కాదు, మా అదృష్టమయ్యేది. అదృష్టాన్ని నమ్ముకొని పసిపిల్లను వెంటబెట్టుకుపోవడం తగదు. ఒక నిర్ణయం మంచిదా కాదా అన్నది, దాన్ని తీసుకున్న వేళ మనకు తెలిసిన సంగతులను బట్టి చూడాలి. తరువాత ఏమి జరిగిందన్నదాన్ని బట్టి కాదు. అడవికి వెళ్లేటప్పుడు వెళ్లే దారి ఒకటే రాసుకుంటే చాలదు, వెనక్కు తిరిగే గడియను కూడా రాసుకోవాలి. రాసుకున్నాక దాన్ని పాటించాలి.

ఆ రాత్రి మనవరాలు ఎలుగు పుస్తకంలో చివరి వాక్యం తానే రాసి నాకు చూపించింది. ‘మేము ఎలుగును చూశాం. దాని ముక్కుకు తాడు లేదు.’

‘ముక్కు’లో ఒత్తు సరిగ్గానే రాసింది.